పంచనామా: సోదా కాగితం, దాని బలం

పోలీసులు ఒక ఇంట్లో సోదా చేసినా, ఒక వస్తువును స్వాధీనం చేసుకున్నా, నేరం జరిగిన చోటును పరిశీలించినా, అక్కడ కంటికి కనిపించినదాన్ని ఆ కేసుతో సంబంధం లేని మనుషుల ఎదుట అప్పటికప్పుడు రాసి, వారి చేత సంతకాలు పెట్టించే కాగితాన్ని పంచనామా అంటారు. ఎక్సైజు, కస్టమ్స్, ఆదాయపు పన్ను, ఏసీబీ, సీబీఐ అధికారులు కూడా తమ సోదాల్లో ఇలాంటి కాగితమే రాస్తారు. చూసినది రాయడం, అక్కడే రాయడం, పరాయి మనుషుల ఎదుట రాయడం దీనికి ప్రాణం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కాగితం మిగులుతుంది గానీ దాని బలం మిగలదు.

పత్రికల్లో ఈ మాట ఎక్కువగా కనిపించేది చావు వార్తల్లో. శవ పంచనామా జరిపి మృతదేహాన్ని పోస్టుమార్టానికి తరలించారన్న వాక్యం జిల్లా పేజీల్లో లేని రోజు అరుదు. అందుకే పంచనామా అంటే శవానికి సంబంధించిన తంతు అని చాలామంది అనుకుంటారు. పోస్టుమార్టం, పంచనామా ఒకటేనని పొరబడేవారూ ఉన్నారు. పోస్టుమార్టం డాక్టరు చేసే పరీక్ష. శవ పంచనామా పోలీసు అధికారి ఊరి పెద్దమనుషుల ఎదుట రాసే నివేదిక. పంచనామాల్లో అది ఒక రకం మాత్రమే. సోదా పంచనామా, స్వాధీన పంచనామా, నేరస్థల పంచనామా అని ఇంకా ఉన్నాయి.

మాటలోని రెండో భాగం వీలునామా, రాజీనామాల్లో ఉన్న నామాయే. పారసీకంలో రాసిన పత్రం అని అర్థం. మొదటి భాగం పంచాయతీలోని పంచ, అంటే ఐదుగురు పెద్దలు. ఆచరణలో ఐదుగురు అక్కర్లేదు, చట్టం ఇద్దరు చాలంటుంది. తెలంగాణ పోలీసు కాగితాల్లో పంచనామా, పంచులు అన్న మాటలే నడుస్తాయి. ఆంధ్ర జిల్లాల్లో ఆ సాక్షులను మధ్యవర్తులనీ, ఆ కాగితాన్ని మధ్యవర్తుల నివేదిక లేదా మీడియేటర్‌నామా అనీ అంటారు. ఇక్కడ మధ్యవర్తి అంటే తగవు తీర్చేవాడు కాదు, జరిగినదాన్ని పక్కన నిలబడి చూసినవాడు. కర్ణాటక, తమిళనాడు, కేరళల్లో దీన్నే మహజరు అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే.

ఇంతగా వాడుకలో ఉన్న ఈ మాట నేర విచారణ స్మృతిలో మాత్రం లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో గానీ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో గానీ పంచనామాకు నిర్వచనం లేదు. పాత కోడ్‌లో 100వ సెక్షన్, కొత్త సంహితలో 103వ సెక్షన్ చెప్పేది సోదా ఎలా చేయాలి, ఎవరి ఎదుట చేయాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా ఎలా రాయాలి అన్నదే. ఆ జాబితా చుట్టూ అలవాటుగా అల్లుకున్న పూర్తి కథనమే పంచనామా. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఈ పదం నేరుగా వాడారు. సోదా తర్వాత పన్ను నిర్ణయించడానికి అధికారికి ఉండే గడువును, సోదా ముగిసినట్టు చివరి పంచనామాలో నమోదైన దాన్ని బట్టి ఆ చట్టం లెక్కగట్టింది. 1993 ముంబయి పేలుళ్ళ కేసులో 2013లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు పంచనామా ప్రయోజనాన్ని వివరించింది. సోదా చేసే అధికారులు మోసానికో అన్యాయానికో పాల్పడకుండా కాపాడడం దాని మొదటి ఉద్దేశమని చెప్పింది. ఇంటివాడికి రక్షణ అది. అధికారికీ రక్షణే, ఎందుకంటే వస్తువును మీరే తెచ్చి పెట్టారన్న ఆరోపణకు ఆ కాగితమే జవాబు.

సోదా గుమ్మం దగ్గర మొదలవదు, అంతకుముందే మొదలవుతుంది. సాధారణంగా మేజిస్ట్రేటు వారంటు కావాలి. వారంటు తెచ్చేలోపు వస్తువు చేజారిపోతుందన్న పరిస్థితి ఉంటే దర్యాప్తు అధికారి వారంటు లేకుండానే సోదా చేయవచ్చు. పాత కోడ్‌లో 165, కొత్త సంహితలో 185 సెక్షన్లు ఆ అధికారం ఇస్తాయి. కానీ ఎందుకు ఆగలేకపోతున్నాడో, ఏ వస్తువు కోసం వెళ్తున్నాడో అధికారి ముందుగా రాసిపెట్టాలి. ఆ రాతల నకళ్ళు వెంటనే, ఎంత ఆలస్యమైనా 48 గంటల లోపు, మేజిస్ట్రేటుకు పంపాలని కొత్త సంహిత గడువు పెట్టింది. కారణం రాయకుండా సోదా అధికారం ఇస్తే ఏమవుతుందో చెప్పే తీర్పు ఒకటి హైదరాబాదు నుంచే పుట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకుల్లోకి సైతం వెళ్ళి పత్రాలు తనిఖీ చేసి స్వాధీనం చేసుకునే వీలు కల్పించింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఆ వివాదంలో 2004లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టుతో ఏకీభవించింది. బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన పత్రాల మీద ఖాతాదారుకు ఉండే గోప్యత పోదని చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చడానికి చాలా ముందే వచ్చిన మాట ఇది.

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం. సోదా మొదలుపెట్టకముందే అధికారి ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది సాక్షులను పిలవాలి. వాళ్ళు ఆ ప్రాంతంలో ఉండేవాళ్ళై, స్వతంత్రులు, మర్యాదస్తులై ఉండాలని చట్టం మాట. అక్కడ ఎవరూ దొరక్కపోతే, లేదా ఎవరూ ముందుకు రాకపోతే వేరే చోటి వాళ్ళను పిలవవచ్చు. స్వతంత్రుడు అంటే పలుకుబడి గలవాడని కాదు, ఈ కేసు ఎటు తేలినా లాభనష్టాలు లేనివాడని. ఇంటి యజమానితో సరిహద్దు తగాదా ఉన్న పొరుగువాడు అదే వీధిలో ఉంటున్నా స్వతంత్రుడు కాడు. రాతపూర్వకంగా పిలిచినా సరైన కారణం లేకుండా రానని భీష్మించుకుంటే అది శిక్షార్హమైన నేరం. ఈ సంగతి తెలియక పోలీసులు పిలవగానే తలుపు వేసుకునేవాళ్ళు ఎందరో. మరోపక్క, రాతపూర్వకమైన ఆదేశం ఇవ్వకుండానే, సాక్షులు దొరకలేదని ఒక్క వాక్యం రాసి ఊరుకునే అధికారులూ కనబడతారు. కోర్టులో మొదటి అడ్డుప్రశ్న అక్కడే పడుతుంది. ఎవరిని అడిగారు, వాళ్ళ పేర్లేమిటి, కాదన్నవాళ్ళకు నోటీసు ఇచ్చారా అని డిఫెన్సు న్యాయవాది అడుగుతాడు.

లోపలికి వెళ్ళేముందు అధికారులు తమ జేబులు, సంచులు ఇంటివాళ్ళకు చూపించడం మంచి పద్ధతి. ఆదాయపు పన్ను సోదాల్లో లోపలికి వెళ్ళేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ ఇలా చూపిస్తామని ఇంటివారికి చెప్పి ఆ సంగతి పంచనామాలో రాస్తారు. లోపల బహిరంగంగా తిరగని ఆడవాళ్ళు ఉంటే తలుపు పగలగొట్టే ముందు వాళ్ళు పక్కకు తప్పుకునే వ్యవధి ఇవ్వాలి. ఆడమనిషి ఒంటి మీద వెతకాల్సి వస్తే ఆ పని ఆడమనిషే, మర్యాద తప్పకుండా చేయాలి. ఇంటివాడు గానీ, అతని తరఫున మరొకరు గానీ సోదా జరుగుతున్నంతసేపూ అక్కడ ఉండవచ్చు. అతన్ని వరండాలో కూర్చోబెట్టి లోపల గదులు గాలించడం చట్టానికి విరుద్ధం. వస్తువు దొరికిన క్షణాన అతను, సాక్షులు అక్కడ ఉన్నారా లేదా అన్నదాని మీదే తర్వాత కేసు నిలబడుతుంది.

రాతలోనే అసలు నైపుణ్యం ఉంది. అప్పుడు టైము ఎంత, ఇంటి నంబరు, నాలుగు పక్కల హద్దులు, వచ్చిన అధికారుల పేర్లు, హోదాలు, సాక్షుల పేర్లు, తండ్రి పేర్లు, వయసు, వృత్తి, ఊరు మొదట రావాలి. తర్వాత గది గదీ చూసిన వరస. వస్తువు దొరికిన చోటు ఎంత వివరంగా ఉంటే అంత మంచిది. బీరువాలో నగ దొరికింది అంటే సరిపోదు. పడకగదిలో తూర్పు గోడకు ఆనించిన ఇనుప బీరువా, పై అర, చీరల కింద, తెల్ల గుడ్డలో మూట, తాళం ఇంటివాడు తీసి ఇచ్చాడు అని రాయాలి. నగను వర్ణించేటప్పుడు అనుభవమున్న రైటరు బంగారు గొలుసు అని రాయడు, పసుపు రంగు లోహపు గొలుసు అని రాస్తాడు. అది బంగారమో కాదో తేల్చవలసింది మదింపు చేసే నిపుణుడు. నేరస్థలంలో రక్తం అని రాయరు, రక్తంలా కనిపిస్తున్న మరకలు అంటారు. వినడానికి ఇది చాదస్తంలా అనిపించవచ్చు. కానీ కన్ను చూసినదానికీ బుద్ధి ఊహించినదానికీ మధ్య ఉన్న గీతను చెరగనివ్వకపోవడమే ఈ కాగితం గౌరవం. తర్వాత వస్తువులను సాక్షుల ఎదుటే మూటగట్టి, లక్క ముద్ర వేసి, సాక్షులు సంతకాలు చేసిన చీటీలు అతికించాలి. ఆ లక్క ముద్ర మీద ఏ అక్షరాలున్నాయో కూడా పంచనామాలోకి ఎక్కాలి. వస్తువు ఫోరెన్సిక్ ల్యాబుకు చేరినప్పుడు అక్కడి నివేదికలో కనిపించే ముద్ర దీనితో సరిపోవాలి కదా. చివర ముగిసిన టైము, ఎన్ని పేజీలు, ఎక్కడ కొట్టివేతలున్నాయి, ప్రతి పేజీ మీద సంతకాలు. జాబితా నకలు ఇంటివాడికి ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఈ పద్ధతి అంతా అత్యంత క్రమబద్ధంగా కనిపించేది లంచం కేసుల్లో. ఏసీబీ వలపన్ని పట్టుకునే కేసులో పంచనామా ఒకటి కాదు, రెండు ఉంటాయి. మొదటిది ఆఫీసుకు బయలుదేరే ముందు రాసేది. ఫిర్యాది తెచ్చిన నోట్ల నంబర్లన్నీ మధ్యవర్తుల ఎదుట రాస్తారు. ఆ మధ్యవర్తులు సాధారణంగా వేరే శాఖలో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. తెల్లటి పొడి, నోటు మీద కంటికి ఆనదు. పొడి పూసిన మనిషి తన వేళ్ళను గాజు గ్లాసులోని సోడియం కార్బొనేటు ద్రావణంలో ముంచుతాడు. నీళ్ళలా ఉన్న ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో మధ్యవర్తులకు వివరించి, నోట్లు ఫిర్యాది జేబులో పెట్టిస్తారు. అడిగితేనే ఇవ్వాలని అతనికి చెప్తారు. ఇదంతా మొదటి నివేదిక.

రెండోది పట్టుకున్న చోట. సైగ అందగానే లోపలికి వెళ్ళిన బృందం కొత్తగా ద్రావణం కలిపి, ఉద్యోగి కుడిచేతి వేళ్ళు ఒక గ్లాసులో, ఎడమచేతి వేళ్ళు మరో గ్లాసులో కడిగిస్తుంది. రంగు ఏ చేతికి మారిందో, ఏ చేతికి మారలేదో రాస్తారు. చొక్కా జేబులో డబ్బు పెట్టుకుని ఉంటే ఆ జేబు లోపలి గుడ్డను కూడా ద్రావణంలో ముంచుతారు. దొరికిన నోట్ల నంబర్లను మొదటి నివేదికతో మధ్యవర్తులే పోల్చి చూస్తారు. కడిగిన నీళ్ళు సీసాల్లోకి పోసి సీలు వేస్తారు. అప్పుడే ఆ ఉద్యోగి ఏం చెప్పాడన్నది కూడా నమోదు కావాలి. అప్పు తీర్చడానికి ఇచ్చాడు, నా టేబులు సొరుగులో నాకు తెలియకుండా పెట్టాడు అని అతను అక్కడికక్కడే అని ఉంటే, నెలల తర్వాత కోర్టులో మొదటిసారి చెప్పినదానికంటే ఆ మాటకు విలువ ఎక్కువ. అయినా రంగు మారడం ఒక్కటే నేరాన్ని రుజువు చేయదు. 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక లంచం కేసులో సుప్రీంకోర్టు, లంచం అడిగినట్టు రుజువు కాకుండా డబ్బు దొరికిందన్న కారణంతో శిక్ష వేయడం కుదరదని చెప్పి నిందితుడిని విడుదల చేసింది. రెండో పంచనామా ఎంత పకడ్బందీగా ఉన్నా డబ్బు చేతిలో ఉందనే చెప్పగలదు, అడిగాడని చెప్పలేదు.

నిందితుడి మాట వెంట వెళ్ళి వస్తువు వెలికితీసే పంచనామా మరింత చిక్కైనది. పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. కానీ నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఒక సంగతి బయటపడితే, ఆ సంగతికి స్పష్టంగా సంబంధించిన మేరకు అతని మాటను కోర్టు చూడవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 27వ సెక్షన్, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌కు చేర్చిన మినహాయింపు. దేశమంతటా కోర్టులు ఇప్పటికీ ఉదహరించే తీర్పు ఈ విషయంలో గుంటూరు జిల్లా నుంచి వెళ్ళింది. పులుకూరి కోటయ్య కేసుగా పేరుపడిన ఆ హత్య కేసు గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు మీదుగా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. అక్కడి తీర్పు 1947 నాటి తీర్పుల సంపుటాల్లో అచ్చయింది. బల్లెంతో పొడిచాను, బల్లెం ఫలానా చోట దాచాను, చూపిస్తాను అని నిందితుడు అన్నప్పుడు పొడిచాను అన్న ముక్క పనికిరాదు, దాచాను చూపిస్తాను అన్నంతవరకే పనికొస్తుంది. బయటపడిన సంగతి అంటే బల్లెం ఒక్కటే కాదు, అది ఎక్కడుందో నిందితుడికి తెలుసునన్న విషయం కూడా అని ఆ తీర్పు సారం.

దీన్నిబట్టి పంచనామా ఎలా రాయాలో తేలుతుంది. నిందితుడు అన్న మాటలు అతని మాటల్లోనే, బయలుదేరకముందే, సాక్షుల ఎదుట కాగితం మీదికి రావాలి. ఆ తర్వాత అతను దారి చూపగా వెళ్ళి, వస్తువు తీసిన వైనం రెండో భాగంగా రాయాలి. 2022లో కర్ణాటక నుంచి వచ్చిన సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు ఈ వరస పాటించని వెలికితీతను నమ్మలేదు. సాక్షులను వస్తువు దొరికిన చోటికి నేరుగా పిలిపించి సంతకం పెట్టిస్తే, నిందితుడు చెప్పాడన్న మాటకు సాక్ష్యమే లేకుండా పోతుంది. మన ఠాణాల్లో నేరాంగీకార పంచనామా పేరిట పేజీల కొద్దీ రాసే కథలో కోర్టుకు పనికొచ్చేది ఒకటి రెండు వాక్యాలే. ఆ వాక్యాలు అచ్చంగా నిందితుడివేనా అన్నది తేల్చలేక ఎన్నో కేసులు కూలిపోతాయి. దోషి తప్పించుకోవడానికీ, నిర్దోషి ఇరుక్కోవడానికీ ఇక్కడి నిర్లక్ష్యం సమానంగా దారి తీస్తుంది.

మాదకద్రవ్యాల కేసుల్లో పంచనామాలోని ఒక్కో అంకె ఒక మనిషి జీవితాన్ని నిర్ణయిస్తుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి ఒక కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి కనీస శిక్ష 10 సంవత్సరాలు, బెయిలు దొరకడం బహు కష్టం. మన్యం నుంచి దిగే ఘాట్ రోడ్ల మీద కారు ఆపి బస్తాలు తూచినప్పుడు, తూకంలో గోనెసంచీ, టేపు, పాలిథీన్ కవరు కలిసే ఉంటాయి. మొత్తం తూకం 21 కిలోలు చూపించి, కవర్లు తీసేసిన తూకం రాయకపోతే కేసు ఎటు పడాలో తేలదు. పైగా చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాత కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. అందుకని సంచీలో ఏముందన్నది కూడా చూసినట్టు రాయాలి. ఒంటి మీద వెతికేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి చెప్పాలని 50వ సెక్షన్ నిర్దేశిస్తుంది. అలా చెప్పడం తప్పనిసరి అని 1999లో, మళ్ళీ దశాబ్దం తర్వాత మరోసారి రాజ్యాంగ ధర్మాసనాలు స్పష్టం చేశాయి. చేతిలోని సంచీకి ఈ నియమం వర్తించదని 2005 నాటి తీర్పు. ఆ తర్వాత 52ఏ సెక్షన్ ప్రకారం సొత్తు జాబితాను మేజిస్ట్రేటు ధ్రువీకరించాలి, ఆయన ఎదుట నమూనాలు తీయాలి.

శవ పంచనామా వీటన్నిటికీ భిన్నం. ఆత్మహత్య, హత్య, ప్రమాదం, అనుమానాస్పద మరణం జరిగినప్పుడు పోలీసు అధికారి శవం ఉన్న చోటికి వెళ్ళి, చుట్టుపక్కల వాళ్ళలో ఇద్దరు లేదా ఎక్కువమంది మర్యాదస్తుల ఎదుట విచారించి, పైకి కనిపించే గాయాలు, ఎముకలు విరిగిన గుర్తులు, కమిలిన మచ్చలు, అవి ఏ ఆయుధంతో లేదా ఏ విధంగా అయి ఉండవచ్చో రాస్తారు. పాత కోడ్‌లో ఇది 174, కొత్త సంహితలో 194. ఆ పెద్దమనుషులను ఆంధ్ర ప్రాంతపు కాగితాల్లో పంచాయతీదారులు అంటారు. ఎవరు చంపారు, ఎవరు పట్టుకున్నారు, ఎవరు కొట్టారు అన్నవి ఇందులో ఉండాల్సిన పనిలేదు. 1975లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక హత్య కేసులోనే సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. మరణానికి కనిపించే కారణం చెప్పడం వరకే శవ పంచనామా పని. నిందితుల పేర్లు లేవు కాబట్టి కేసు కల్పితమని వాదించడానికి ఇది ఆధారం కాదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవాన్ని పోస్టుమార్టానికి పంపడం తప్పనిసరి.

కోర్టులో పంచనామాకు ఉన్న విలువ గురించి అపోహలు ఎక్కువ. కాగితం దానంతట అదే సాక్ష్యం కాదు. దాని మీద సంతకం చేసిన మనిషి బోనులోకి వచ్చి, ప్రమాణం చేసి, నేను అక్కడ ఉన్నాను, ఇది చూశాను అని చెప్తేనే అతని నోటి మాట సాక్ష్యమవుతుంది. పంచనామా అతనికి జ్ఞాపకం తెచ్చుకోవడానికీ, అతని మాటకు ఊతంగానూ పనికొస్తుంది. అందుకే సాక్షి చూసినదే అందులో ఉండాలి. ఎవరెవరో పోలీసులకు చెప్పిన మాటలు కలిపితే, దర్యాప్తులో ఇచ్చిన వాంగ్మూలాల మీద సంతకం తీసుకోరాదన్న నిషేధం ఆ భాగానికి అడ్డు తగులుతుంది. సోదా ఏళ్ళ క్రితం జరిగి ఉండవచ్చు, సాక్షి ఈలోగా ఊరు మారి ఉండవచ్చు, స్టేషన్లో తెల్ల కాగితం మీద సంతకం పెట్టించారు అని అనవచ్చు. అలా ఎదురుతిరిగినంత మాత్రాన కేసు పోదు. పోలీసు అధికారి మాట నమ్మదగినదైతే దానిమీదే శిక్ష వేయవచ్చని, ప్రభుత్వ అధికారి చేసిన పనిని అనుమానంతో మొదలుపెట్టకూడదని 2001లో సుప్రీంకోర్టు అంది. కానీ ఆ అధికారి మాటను కోర్టు అప్పుడు మరింత జాగ్రత్తగా తూస్తుంది.

సోదాలో నియమం తప్పితే దొరికిన వస్తువు చెల్లకుండా పోతుందా? సాధారణంగా పోదు. నియమం తప్పిన సోదాను ఇంటివాడు అడ్డుకోవచ్చు, కోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమానంతో చూడవచ్చు, కానీ అంతమాత్రాన స్వాధీనం రద్దు కాదని 1963లో, సంబంధమున్న సాక్ష్యం అక్రమ సోదాలో దొరికినా చెల్లుతుందని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది. పౌరుడి వైపు నుంచి చూస్తే ఇది ఈ చట్టంలోని బలహీనమైన చోటు. తప్పు చేసిన అధికారికి పెద్దగా నష్టం లేకపోతే నియమం కాగితానికే పరిమితమవుతుంది. పంచనామా అక్కడే రాయాలన్న నియమానికీ సడలింపు ఉంది. కస్టమ్స్ అధికారులు నల్లమందు పట్టుకుని, మహజరును ఆఫీసులో రాసిన ఖేత్ సింగ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, సరైన కారణం ఉంటే అది చెల్లుతుందని ఒప్పుకుంది. కారణం చెప్పలేని ఆలస్యాన్ని మాత్రం కోర్టులు క్షమించవు.

సాక్షులు దొరకని సమస్యకు ఠాణాలు కనిపెట్టిన అడ్డదారి ఒకటుంది. ఎప్పుడు పిలిచినా వచ్చే టీకొట్టు కుర్రాడు, స్టేషను ఎదుటి జిరాక్సు షాపతను, ఆటో డ్రైవరు ఒకే ఠాణా కేసుల్లో మళ్ళీ మళ్ళీ పంచులుగా కనబడతారు. అలాంటివాణ్ణి అడ్డుప్రశ్నల్లో ఇంతకుముందు ఎన్ని కేసుల్లో సంతకం పెట్టావని అడిగితే చాలు, అతని సాక్ష్యం కుదేలవుతుంది. దీనికి విరుగుడుగా ఆంధ్రప్రదేశ్‌లో వీఆర్వోలను, పంచాయతీ కార్యదర్శులను మధ్యవర్తులుగా పిలవడం పరిపాటి అయింది. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఊరు విడిచి పోడు, సమన్లు అందుతాయి, ఎదురుతిరగడం తక్కువ. కానీ ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వం పెట్టిన కేసులో ఎంత స్వతంత్రుడు అన్న ప్రశ్న న్యాయవాదులు వేస్తూనే ఉంటారు. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దు కావడంతో అక్కడి పోలీసులకు వీఆర్వోలను పిలిచే దారి పోయింది.

2024 జులై నుంచి మారిన ముఖ్యమైన సంగతి వీడియో. సంహితలోని 105వ సెక్షన్ ప్రకారం సోదా మొత్తాన్ని, జాబితా రాయడం, సాక్షులు సంతకం చేయడంతో సహా, దృశ్య శ్రవణ సాధనంతో రికార్డు చేయాలి. మొబైల్ ఫోను అయినా చాలు. ఆ రికార్డును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. దీనికోసం కేంద్రం ఈ-సాక్ష్య అన్న యాప్‌ను పోలీసులకు అందించింది. వీడియో సాక్షులను తొలగించలేదు, ఇద్దరు మనుషులు ఇప్పటికీ కావాలి. కానీ తెల్ల కాగితం మీద సంతకం పెట్టించారన్న మాటను గానీ, వస్తువు ముందే అక్కడ పెట్టారన్న మాటను గానీ పరీక్షించడానికి కోర్టుకు మొదటిసారి సొంత కళ్ళు దొరికాయి. కెమెరా గుమ్మం బయటే ఆన్ కావాలి. వస్తువు దొరికాక మొదలైన వీడియో పాత పంచనామా లోపాలన్నిటినీ మోసుకొస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం, ఫైలును మార్చలేదని చూపే హ్యాష్ విలువతో కలిపి జతచేయాలి. ఫోను, ల్యాప్‌టాప్ లాంటివి స్వాధీనం చేసుకున్నప్పుడు వాటి మోడలు, ఐఎంఈఐ నంబరు, స్విచాఫ్‌లో ఉన్నాయా ఆన్‌లో ఉన్నాయా అన్నది కూడా పంచనామాలోకి ఎక్కడం ఇప్పుడు అవసరం.

సాక్షిగా పిలిచినవారికి చట్టం ఇచ్చిన వెసులుబాటు ఒకటి చాలామందికి తెలియదు. కోర్టు ప్రత్యేకంగా సమన్లు పంపితే తప్ప సోదాకు సాక్షిగా ఉన్నవారు కోర్టుకు హాజరు కానక్కర్లేదు. సమన్లు వస్తే మాత్రం వెళ్ళి, ఆ రోజు చూసినది చెప్పాలి. అందుకని సంతకం చేసేముందు పూర్తిగా చదవడం లేదా చదివించుకుని వినడం, ఖాళీ వదిలిన చోట గీత కొట్టించడం, తన ఎదుట జరగని విషయం అందులో ఉంటే ఆ ముక్క తీసేయమని అడగడం సాక్షి చేయదగిన పనులు. తెలుగు తప్ప రాని సాక్షి చేత ఇంగ్లిషులో రాసిన పంచనామా మీద సంతకం చేయిస్తే, అందులోని విషయం అతనికి తెలుగులో చదివి వినిపించినట్టు కింద రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే బోనులో అతను ఏమీ తెలియదంటే కాదనడం కష్టం. ఇంటివాడు జాబితా నకలును తేదీ, టైముతో సహా అడిగి తీసుకోవచ్చు. తనదని చెప్పిన వస్తువుగానీ, తనది కాదని చెప్పిన వస్తువుగానీ ఉంటే ఆ మాట అక్కడే రాయమని అడగవచ్చు. రాయడానికి అధికారి ఒప్పుకోకపోతే, అడిగిన సంగతిని అదే రోజు మేజిస్ట్రేటుకు గానీ, పై అధికారికి గానీ రిజిస్టర్డు పోస్టులో పంపినవారి ఫిర్యాదును కోర్టులు తర్వాత తలెత్తిన ఆలోచనగా కొట్టిపారేయలేవు.